హద్దు వద్ద తనిఖీ

ఇతర భాషల నుండి తెలుగులోనికి వచ్చి, తిరిగి పోక, ఇక్కడనే స్థిరపడిన మాటలు అనేకం కలవు. హద్దు, తనిఖీ, మరమ్మతు అనునవి అరబ్బీ మూలం కలవి. చిరునామా పారశీక భాష నుండి వచ్చినది. ఈ నాలుగు మాటల అర్థం తెలుసుకొనుటకు నల్లమాడ రైతుకు నిఘంటువు అవసరం లేదు. పొలానికి హద్దు, ఉత్తరానికి చిరునామా, లెక్కకు తనిఖీ, బావి మోటారుకు మరమ్మతు అతని నిత్య జీవితంలోనివే. నేటి కంప్యూటర్ విజ్ఞానంలో అతి ముఖ్యమైన ఒక సమస్యను అర్థం చేసుకొనుటకు కూడ ఈ నాలుగు మాటలే చాలునని మేము భావిస్తున్నాము. యంత్రాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము, వినియోగదారుడిచ్చిన చిరునామాను తనిఖీ చేయకుండ హద్దు దాటుటయే ఆ సమస్య. అటువంటి చోట్లను వెదకి మరమ్మతు చేయుటయే దానికి పరిష్కారం.

ఇది సాంకేతిక కళాశాలల వారు చర్చించుకోవలసిన విషయం, తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి దీనితో పని యేమి అని పాఠకులు అడుగవచ్చును. మా సమాధానం ఒక్కటే. నేడు ఈ మెట్ట ప్రాంతంలో వేలిముద్ర వేయనిదే రేషను రాదు, ఫోను మ్రోగనిదే బ్యాంకు సొమ్ము కదలదు. వేరుశనగ పంటకు బీమా కట్టినా, పిల్లల ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టినా, అన్నింటికీ చేతిలోని ఆ చిన్న యంత్రమే ద్వారం. ఆ ద్వారం గడియ గట్టిదో కాదో తెలుసుకొనే హక్కు ఆ యింట నివసించే ప్రతివారికీ ఉన్నది. కాగా, తెలుగులో చెప్పుకొనలేని శాస్త్రం తెలుగువారి సొంతం కాజాలదని మా నమ్మకం.

విషయాన్ని మన చెరువుల భాషలో చెప్పుకొందాము. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ అనంతపురం పీఠభూమిలో నీటిని నిలుపుకొనుటకు పూర్వులు చెరువులు కట్టించిరి. మనకు చేరువలోనే బుక్కపట్నం చెరువు విజయనగర కాలపు దక్షతకు సాక్ష్యంగా ఉన్నది. చెరువు ఊరందరిది. కాని తూము తీయు అధికారం ఊరందరిదీ కాదు. అందుకు నీరుగంటి ఉండెడివాడు. ఎవరి మడికి ఎంత నీరు, ఏ వంతున, ఎంతసేపు అన్న నిర్ణయం అతని చేతిది. రైతు వచ్చి అడుగును, నీరుగంటి విచారించి వదలును. రైతు చెప్పిన మాటను చెప్పినట్లే నమ్మి తూము ఎత్తివేసే నీరుగంటి ఉన్న ఊరిలో చెరువు నిలువదు.

కంప్యూటరులో గాని, ఫోనులో గాని మెమరీ అనునది అటువంటి చెరువు. దానిని రెండు భాగాలుగా విభజించి ఒక హద్దు ఏర్పరచినారు. ఒక వైపున మనం వాడుకొనే సామాన్య ప్రోగ్రాములు ఉంటవి. రెండవ వైపున కెర్నెల్ అనే ప్రధాన వ్యవస్థ ఉంటుంది. కెమెరా, తెర, ధ్వని పరికరం మొదలగు వాటిని నడిపే డ్రైవర్లలో అధిక భాగం కెర్నెల్ వైపుననే, దాని పూర్తి అధికారంతోనే పనిచేస్తవి. సామాన్య ప్రోగ్రాముకు హద్దు దాటే అనుమతి లేదు. దానికి ఏదైనా కావలసి వచ్చినపుడు, "నా సమాచారం ఈ చిరునామాలో ఉన్నది, తీసుకొనుము" అనో, "ఫలితాన్ని ఈ చిరునామాలో ఉంచుము" అనో డ్రైవరుకు విన్నవించుకొంటుంది. అక్కడనే ప్రమాదం పొంచి ఉన్నది. ఆ చిరునామా నిజముగా విన్నవించినవాని హద్దులోనిదేనా? లేక కెర్నెల్ ఖజానాలోని చిరునామాను తనదిగా వ్రాసి ఇచ్చినాడా? అడుగకుండ వ్రాసే డ్రైవరు తన అధికారంతో దొంగ పనిని తానే చేసి పెడుతుంది. దొంగ గోడ దూకవలసిన అవసరం కూడ లేదు, కావలివాడే తాళం తీసి ఇచ్చును.

కనుక ఈ వ్యవహారంలో డ్రైవరు పాటించవలసిన నియమాలు నాలుగు. మొదటిది, చిరునామా వినియోగదారుని హద్దులోనిదేనని నిర్ధారించుకొనుట. రెండవది, ఎంత పరిమాణం అని చూచుట. మొదలు హద్దులో ఉండి చివర హద్దు దాటవచ్చును, లేదా వచ్చిన సరుకు మన పాత్రలో పట్టకపోవచ్చును. మూడవది, ఒక్కసారే తీసుకొనుట. ఒకసారి చదివి తనిఖీ చేసి, మరల వెనుకకు వెళ్ళి రెండవసారి చదివి వాడుకొనుట ప్రమాదం. ఆ రెండింటి మధ్య రెప్పపాటులో మోసగాడు విలువను మార్చివేయగలడు. తూకం వేసిన బస్తా ఒకటి, బండికెక్కించిన బస్తా మరొకటి అయినట్లు. నాలుగవది, తిరిగి ఇచ్చేటపుడు ఖాళీ పాత్రను కడిగి ఇచ్చుట. కడుగని పాత్రలో కెర్నెల్ వారి పాత రహస్యాలు అంటుకొని పోవును.

లైనక్స్ అనే వ్యవస్థను లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా మొదలు పెట్టినాడు. నేటి ఆండ్రాయిడ్ ఫోనులన్నింటికీ పునాది ఆ కెర్నెలే. హద్దు తనిఖీ కోసం దానిలో "కాపీ ఫ్రమ్ యూజర్", "కాపీ టు యూజర్", "గెట్ యూజర్", "పుట్ యూజర్" అనే నీరుగంట్లు ఉన్నారు. మొదటి రెండు పెద్ద మూటలను, చివరి రెండు ఒక్కొక్క విలువను హద్దు దాటిస్తవి. చిరునామా సరిగా లేకపోతే యంత్రమంతా కుప్పకూలకుండ, "చెడు చిరునామా" అని అడిగినవానికే చెప్పి పంపుతవి. విండోస్ వ్యవస్థలో కూడ "ప్రోబ్ ఫర్ రీడ్", "ప్రోబ్ ఫర్ రైట్" అని ఇటువంటి ఏర్పాటు కలదు. మరి ఇంతటి ఏర్పాటు ఉండగా దోషాలు ఎందుకు వచ్చినవి?

కారణం ఆలోచింపదగినది. నీరుగంటిని పిలువకుండ, వినియోగదారుని చిరునామాను నేరుగా వాడుకొన్న డ్రైవరు అనేక యంత్రాల మీద చక్కగా పని చేస్తుంది. పరీక్ష చేసేవాడు సక్రమమైన చిరునామానే ఇచ్చును గనుక లోపం పైకి కనిపించదు. మంచివారు వచ్చినన్నాళ్ళు తాళం లేని ఇల్లు, తాళమున్న ఇల్లు ఒక్కలాగే ఉండును. పని జరుగుట ఒకటి, భద్రంగా జరుగుట మరొకటి. ఈ భేదం తెలియక పోవుటయే దోషాలకు తల్లి. రెండవ కారణం వేగం మీది మోజు. తనిఖీని మానివేసి త్వరగా పని ముగించే ఉపాయాలను కూడ కెర్నెల్ లోపల ఉంచినారు. ముందుగా తనిఖీ జరిగిన చోటనే వాటిని వాడవలెనని నియమం. కాని ఒక డ్రైవరులో చూచి మరొక డ్రైవరులో వ్రాసుకొనేవారు ఉపాయాన్ని గ్రహించిరి, నియమాన్ని వదలిరి.

ఫలితాలు చూడుడు. 2010 అక్టోబరులో ఆర్.డి.ఎస్. అనే సమాచార ప్రసార విభాగంలో ఒక దోషం బయటపడినది. వినియోగదారుడిచ్చిన చిరునామాను తనిఖీ చేయకుండ అక్కడ నకలు వ్రాస్తున్నందున, యంత్రంలో సామాన్య ఖాతా ఉన్నవాడెవడైనను సర్వాధికారి కాగలిగెను. అదే సంవత్సరంలో మరొక చిత్రమైన లోపం కనిపించినది. "సెట్ ఎఫ్ఎస్" అనే ఉపాయం ద్వారా కెర్నెల్ తన పనికోసం హద్దు నియమాన్ని కొంతసేపు సడలించుకొనే అలవాటు ఉండెడిది. ఆ సడలింపు అమలులో ఉండగానే పని మధ్యలో కూలిపోతే, తలుపు మరల మూసేవారు లేరు. ఆ తెరచిన తలుపు గుండా కెర్నెల్ లోపలికి వ్రాయవచ్చునని తేలినది. ఆర్మ్ జాతి చిప్పుల మీద ఏకంగా "గెట్ యూజర్", "పుట్ యూజర్" అనే నీరుగంట్లే చిరునామాను సరిగా విచారించుట లేదని మరొక దోషం వెల్లడి అయినది. సి.వి.ఇ. 2013-6282 అని దానికి సంఖ్య. 2013 అక్టోబరు, నవంబరు మాసాలలో దుర్మార్గులు దానిని ఆండ్రాయిడ్ ఫోనుల మీద ప్రయోగించినారు.

ఇక్కడ ఒక సంగతిని పాఠకులు శ్రద్ధగా గమనించవలెనని కోరుతున్నాము. ఈ చివరి దోషానికి మూల కెర్నెలులో 3.5.5 సంచికతో, అనగా 2012లోనే మరమ్మతు జరిగినది. దాడి జరిగినది 2013లో. మరమ్మతు జరిగి, ఏడాది గడచి, అయినను ఫోనులు దెబ్బతిన్నవి. ఎందుకు? చెరువులో నీరున్నంత మాత్రాన చివరి ఆయకట్టుకు అందదన్న సత్యం మన ప్రాంతం వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. మూల కెర్నెల్ నుండి చిప్పు తయారీదారునికి, అతని నుండి ఫోను కంపెనీకి, అక్కడ నుండి మన చేతికి రావలసిన కాలువ పొడవైనది. మధ్యలో ఎవరు పూడిక తీయకపోయినను తోక భూములకు చుక్క రాదు.

మన రాజధాని నగరాల వారు కూడ దీనికి అతీతులు కారు. 2024 జులై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న సమాచార పత్రం వలన ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చినారు. ఇది వినియోగదారుని మెమరీకి సంబంధించిన దోషం కాదు, కాని అదే వంశానికి చెందినది. కెర్నెల్ అధికారంతో నడిచే డ్రైవరు 20 విలువలు మాత్రమే ఉన్న చోట 21వ దానిని చదువబోయి హద్దు దాటినది. బయటనుండి వచ్చిన పత్రంలో చెప్పిన లెక్కకు, చేతిలో ఉన్న లెక్కకు సరిచూచుకొనకపోవుటయే మూల కారణం. దొంగల నుండి కాపాడుటకు నియమించిన కావలివాడే లెక్క తప్పి ఇల్లు కూల్చినాడు. సదుద్దేశం తనిఖీకి బదులు కాజాలదని ఈ ఉదంతం నేర్పుచున్నది.

ఈ దోషాలను తొలగించుటకు జరిగిన కృషి కూడ చిన్నది కాదు. 2003లో టోర్వాల్డ్స్ "స్పార్స్" అనే పరిశీలన సాధనాన్ని రచించినాడు. వినియోగదారుని చిరునామాలకు ఒక గుర్తు వేసి, ఆ గుర్తు ఉన్నదానిని నేరుగా వాడిన చోటెల్ల అది హెచ్చరిస్తుంది. 2012లో వచ్చిన లైనక్స్ 3.7లో స్మాప్ అనే ఏర్పాటుకు మద్దతు చేరినది. దాని ప్రకారం నిర్ణీత ద్వారం గుండా తప్ప కెర్నెల్ కూడ వినియోగదారుని మెమరీని తాకరాదు, తాకితే చిప్పే పట్టుకొనును. "సెట్ ఎఫ్ఎస్" అనే ఆ పాత సడలింపును ఇంటెల్ జాతి యంత్రాలకు 2020లో 5.10 సంచికతోను, తక్కిన వాటికి క్రమంగా 2022లో వచ్చిన 5.18 సంచిక నాటికి పూర్తిగాను తొలగించినారు. అనగా 2010లో ప్రమాదమని తేలిన ఒక అలవాటును పూర్తిగా వేళ్ళతో పెకలించుటకు పన్నెండేండ్లు పట్టినది. 2022 డిసెంబరులో రస్ట్ అనే భాషకు లైనక్స్‌లో ప్రవేశం లభించినది. మెమరీ విషయంలో అనేక పొరపాట్లను ప్రోగ్రాము నడువక ముందే, కూర్పు దశలోనే నిరాకరించుట దాని స్వభావం.

శుభ్రపరచే పని అనగానే చీపురు పట్టి ఊడ్చుట అనుకొనేవారు ఉన్నారు. అది పొరపాటు అభిప్రాయం. 2017లో లైనక్స్ 4.13 సంచికలో "వెయిట్ ఐడి" అనే సేవను సరళం చేసే మార్పులలో చిరునామా తనిఖీ జారిపోయినది. అంతకు ముందు ఒక్కొక్క విలువను తనిఖీతో సహా వ్రాసెడివారు. వేగం కొరకు తనిఖీ లేని పద్ధతికి మార్చినపుడు, ముందుగా ఒకసారి చేయవలసిన తనిఖీని చేర్చలేదు. అదే సంవత్సరం అక్టోబరులో దానిని సరిదిద్దినారు. మరొక వైపున అనవసరపు ఆచారాలు కూడ పేరుకొని పోవును. చిరునామా తనిఖీ చేసే "యాక్సెస్ ఓకే"కు, చదువుటకా వ్రాయుటకా అని ఒక వివరం కూడ ఇవ్వవలసి ఉండెడిది. ఇంటెల్ 386 అనే పాత చిప్పులోని ఒక లోపం కోసం అది ఏర్పడినది. ఆ చిప్పుకు మద్దతు 2013 నాటికి ముగిసినను, ఆ వివరం 2019లో 5.0 సంచిక వచ్చువరకు కొనసాగినది. ఏది ఆచారమో, ఏది ఆధారమో తెలిసినవాడే పూడిక తీయవలెను. తెలియనివాడు పూడికతోపాటు కట్టను కూడ త్రవ్వివేయును.

తనిఖీ వలన యంత్రం మందగించును గదా అని వాదించేవారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. సెకనుకు లక్షలసార్లు జరిగే పనిలో ప్రతి చిన్న ఆలస్యమూ లెక్కకు వచ్చును. అయితే దానికి మార్గం తనిఖీని ఎత్తివేయుట కాదు, ఒక్క చోట, ఒక్కసారి, సరిగా చేయుట. ప్రతి డ్రైవరూ తన తనిఖీని తానే వ్రాసుకొనే పద్ధతిలో వేయిమంది వేయి విధాల వ్రాయుదురు, అందులో ఒక్కరు మరచినను చాలును. ఊరికొక నీరుగంటి ఉండవలెను గాని, మడికొక నీరుగంటి ఉండరాదు. ఆ ఒక్కని పని మీద అందరి కన్నూ ఉండవలెను. మూల రచన అందరికీ బహిరంగంగా ఉన్నందున లైనక్స్ విషయంలో ఇది సాధ్యమైనది. ఎవరి తనిఖీని ఎవరైనను తనిఖీ చేయవచ్చును.

ఇక మా అభిప్రాయాలను స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. మొదటిది, ఫోను కొనేవారి పక్షం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక రకం ఫోను అమ్మకం ఆగిపోయిన తరువాత కూడ కనీసం అయిదేండ్లు దాని వ్యవస్థకు నవీకరణలు అందించవలెను. అటువంటి హామీ మన కొనుగోలుదారునికి కూడ దక్కవలెను. పట్నంలో ఒకరు వాడి వదలిన ఫోను పల్లెలో మరొకరి చేతికి వచ్చుట ఇక్కడ సర్వసాధారణం. ఆ రెండవ చేతిలోనే పింఛను, రేషను, కూలి డబ్బు ఉన్నవి. కంపెనీ మరచిన ఫోను మీద ప్రభుత్వ సేవలన్నీ ఆధారపడి ఉండుట న్యాయం కాదు. పెట్టె మీద ధర ముద్రించినట్లే, ఏ సంవత్సరం వరకు మరమ్మతులు అందునో కూడ ముద్రించవలెను.

రెండవది, చదువు పక్షం. మన కళాశాలల్లో ప్రోగ్రాము వ్రాయుట నేర్పుచున్నారు, పని జరిగితే మార్కులు వేయుచున్నారు. తప్పుడు చిరునామా ఇచ్చినపుడు, పరిమాణం అబద్ధం చెప్పినపుడు, మధ్యలో విలువ మారినపుడు ఏమగునో విద్యార్థి చేత చూపించి, అప్పుడే మార్కులు వేయవలెనని మా సూచన. కొత్తది కట్టినవానికే కాక, ఉన్నదానిని బాగు చేసినవానికి కూడ ప్రాజెక్టు మార్కులు దక్కవలెను. లైనక్స్‌లో 2008 నుండి "స్టేజింగ్" అనే ప్రత్యేక విభాగం ఉన్నది. ఇంకా చక్కబడని డ్రైవర్లను అందులో ఉంచి, ఏమేమి బాగుచేయవలెనో పట్టికగా వ్రాసి పెడతారు. ఎందరో కొత్తవారు అక్కడ తొలి అడుగు వేసినారు. అందుకు కావలసినది ఒక సాధారణ కంప్యూటరు, ఓపిక, సి భాషా పరిచయం, పెద్దల విమర్శను సహించే గుణం. నల్లమాడలో కూర్చుని కూడ చేయదగిన పని అది.

విద్యార్థి మిత్రులకు మూడవ మాట ఒకటి చెప్పదలచినాము. ఈ పనిలో కీర్తి తక్కువ. కట్టించినవాని పేరు చెరువుకు ఉండును, ఏటేటా పూడిక తీసినవాని పేరు ఏ శాసనంలోను ఉండదు. తనిఖీ వలన జరుగకపోయిన దొంగతనం వార్త కాదు, కూలకపోయిన యంత్రం ఎవరి దృష్టికీ రాదు. అయినను 2013 నాటి ఫోనులు, 2024 నాటి విమానాశ్రయాలు ఎక్కడో ఎవరో చేయవలసిన చిన్న తనిఖీ జరుగనందుననే దెబ్బతిన్నవి. ఒక్క వరుస చాలి ఉండెడిది. ఆ ఒక్క వరుస ఎక్కడ వ్రాయవలెనో తెలిసిన యువకులు, యువతులు మన ప్రాంతం నుండి కూడ రావలెనని, వచ్చినపుడు వారి పనిని చిన్నదిగా చూడని అధ్యాపకులు, తల్లిదండ్రులు ఇక్కడ ఉండవలెనని మేము కోరుకొంటున్నాము.